జేబున్న వైపు

ఉదయం పదీ నలభైకి టీ వచ్చింది. మాకు నటించి చూపే పెద్దాయన గ్లాసు అందుకుని, కండువా కొసను గడ్డం కింద పట్టుకుని, పెదవుల ఒక మూల నుంచి కొద్దికొద్దిగా తాగాడు. అప్పుడు గదిలో మరో నలుగురం ఉన్నాం. నలుగురికీ జీతం వచ్చేది మనుషుల ముఖాలు చూసినందుకే. ఆయన టీ ఎలా తాగుతున్నాడో ఎవరమూ చూడలేదు. నాకు ఇప్పుడు తెలుసంటే, ఆ పూట కెమెరా ఆపడం మరిచిపోయాం కాబట్టి. వీడియో కింది మూలలో టైము పడి ఉంది.

యానిమేషన్ పని నుంచి రిటైరై కొంతకాలమైంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మీ షాట్లలో మీకు బాగా గుర్తున్నది ఏదని అడుగుతారు. ఏదో పెద్ద సినిమాలో పెద్ద యుద్ధం గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తున్నది ఒక ముసలివాడి నవ్వు. అది నేను చేసింది కూడా కాదు. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నా ఉద్యోగం చాలావరకు హైదరాబాదులో గడిచింది. మా ఇంటామె పోయాక అక్కడ ఉండబుద్ధి కాలేదు. అదే రోజుల్లో మా స్టూడియో వాళ్ళు ఖర్చు తగ్గుతుందని చిన్న ఊళ్ళో ఒక యూనిట్ పెట్టే ఆలోచనలో ఉన్నారు. మార్కాపురం పేరు నేనే చెప్పాను. అది మా ఊరు. పలకల గోడౌను మీద మేడ అద్దెకు దొరికింది. కింద రోజంతా పలకలకు చెక్క బిగించే చప్పుడు ఉండేది. ఆ పొడి మేడ మీదకు వచ్చి కంప్యూటర్ల ఫ్యాన్లలో చేరేది. పనిలో చేరినవాళ్ళంతా చుట్టుపక్కల పిల్లలే. హైదరాబాదులో కోర్సు చేసి, ఇంటికి దగ్గరని వచ్చినవాళ్ళు.

మాకు అప్పగించింది పిల్లల సీరియల్. నల్లమల అంచున ఒక ఊరు, మేకలు కాసే ఒక తాత, ఆయన మనవరాలు. ఒక్కో కథ పది నిమిషాలకు కాస్త ఎక్కువ.

తాత నడవడం, మేకల్ని అదిలించడం, చెట్టెక్కి కొమ్మ కొట్టడం ఎవరైనా నేర్చుకుని చేయించగలరు. కష్టమంతా మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెప్పేటప్పుడు ముఖం ఏం చేస్తుందన్న దగ్గర. దానికి మేము రిఫరెన్స్ తీసుకునేవాళ్ళం. అంటే ఒక మనిషి ఆ సన్నివేశాన్ని కెమెరా ముందు నటిస్తాడు. ఆ వీడియోను ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, రెప్ప ఎప్పుడు పడింది, పెదవి మూల ఎప్పుడు లేచింది, తల ముందు తిరిగిందా చూపు ముందు తిరిగిందా అని చూసి, అదంతా బొమ్మ చేత చేయిస్తాం. మామూలుగా యానిమేటర్లు తామే నటించుకుంటారు. మా పిల్లలకు పాతికేళ్ళు నిండలేదు. వాళ్ళు తాతలా కూర్చుని లేస్తే, క్రికెట్ ఆడి నడుము పట్టేసిన కుర్రవాడు లేచినట్టుండేది. అందుకని ఒక నటుడి కోసం వెతికాం.

దొరికినాయన కంభం అవతల ఒక పల్లెలో రైతు. కంది, మిరప వేసేవాడు. వయసులో ఉన్నప్పటి నుంచి పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టాడు. గిద్దలూరు నుంచి దర్శి దాకా ఆయన ఆడని ఊరు లేదన్నారు. నాటకాలు ఆడించేవాళ్ళు తగ్గిపోయాక ఊరికే ఉన్నాడు. ఫోన్లో విషయం చెబితే, వీడియోనా అని ఒక్క మాట అడిగి, వస్తానన్నాడు.

మొదటిరోజు ఆయన మెట్లెక్కి వస్తుంటే కింద పలకలవాళ్ళు పని ఆపి చూశారు. ముఖానికి గులాబీ రంగు, కనుబొమలకు కాటుక, పెదవులకు ఎరుపు. తెల్లారుజామునే లేచి, అద్దం ముందు కూర్చుని తనే వేసుకున్నాడట. అలాగే బస్సెక్కి కంభం నుంచి వచ్చాడు. ఒంటి మీద మాత్రం మామూలు తెల్లచొక్కా, పంచె.

"ఏంది అన్నా ఇది?" అన్నాను.

"వీడియో తీస్తామంటిరి గదా తమ్ముడా. ఉత్త మొహంతో వస్తారా ఎవురన్నా?"

వీడియో మేము చూసుకోవడానికేనని, బయటివాళ్ళకు కనపడేది మేము గీసిన మేకల తాత బొమ్మేనని చెప్పాను.

"అంటే నా మొహం కనపడదు."

"కనపడదన్నా."

"కండక్టరు అడిగినాడు, ఏ ఊళ్ళో నాటకం పెద్దాయనా అని. మార్కాపురంలో అని గొప్పగా చెప్పినా." అని తన చేతులు చూసుకున్నాడు, వేళ్ళకు కూడా రంగు అంటి ఉంది. "మేకలోడి మొహం కోసరమా ఇదంతా."

అని నవ్వాడు. కళ్ళు రెండూ మూసుకుపోయి, బుగ్గలు రెండూ పైకి లేచి, వాటి మీది పొడి పగుళ్ళు పట్టేదాకా నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు. కెమెరా దగ్గర వెలుతురు సరిచూస్తున్న అమ్మాయి రికార్డింగు అప్పటికే మొదలుపెట్టి ఉంది.

ఆ అమ్మాయిది కనిగిరి వైపు. మా అందరిలో ముఖాలు బాగా చేసేది తనే. ఆయన్ను పెదనాయనా అని పిలిచేది. తర్వాత చాలా రోజులు, ఆయన మెట్లెక్కుతుంటే "పెదనాయనా, పౌడరు తెచ్చుకున్నావా?" అని అడిగేది. "నీకు మిగిలిస్తే గదా నాకుండేది" అనేవాడు ఆయన.

నటన దగ్గర మాత్రం తొలి నెలలు ఇద్దరికీ కష్టంగా గడిచాయి. ఆయన మైదానంలో, మైకు సరిగా పనిచేయని రోజుల్లో నేర్చుకున్న మనిషి. ఆశ్చర్యపోవాలంటే రెండు చేతులూ లేచేవి. బాధపడాలంటే ఛాతీ పట్టుకునేవాడు. హైదరాబాదు నుంచి వీడియో కాల్లో చూసే మా డైరెక్టరు చాలా మర్యాదస్థుడు. చాలా ఎక్కువగా ఉందండీ అని మాత్రం అనేవాడు. అతని మర్యాద వల్ల మాకు పని ఇంకా ఆలస్యమయ్యేది.

"అన్నా, ఈడ జనంలో ఆ కడాకు కూర్చున్నోడు ఎవడూ లేడు. కెమెరా నీ ముక్కు ముందర ఉంది. నువ్వు అనుకుంటే చాలు, అది పట్టుకుంటది" అని నేను చెప్పేవాణ్ణి.

"మరి వానికి అందిందో లేదో నాకెట్ల తెలుస్తది?" అని అడిగాడు ఒకరోజు.

నాటకంలో జనం సద్దుమణగడం ఆయనకు వినపడుతుంది. మా గదిలో ఫ్యాన్లు తప్ప ఏమీ వినపడవు. అందిందో లేదో ఆయనకు తెలిసే దారి మా మాట ఒక్కటే. మేము బాగుందంటే బాగుంది, మళ్ళీ చేయమంటే బాగాలేదు. ఆ మనిషి మా మాట మీద అంతగా ఆధారపడి ఉన్నాడని నేను అప్పుడు గ్రహించలేదు.

మెల్లగా తగ్గించాడు. చేతులు ఒళ్ళోకి వచ్చాయి. ఊపిరి కిందకు దిగింది. వర్షాకాలం వెళ్ళాక ఒక కథ వచ్చింది. మనవరాలు పెంచుకున్న మేకపిల్లను చిరుత ఎత్తుకుపోతుంది. పాప అడిగితే, మేకపిల్లను చంద్రశేఖరపురం సంతలో మంచి ఇంటివాళ్ళకు ఇచ్చానని తాత అబద్ధం చెప్పి నవ్వాలి. ఆయన కెమెరా ముందు కూర్చుని ఆ మాట చెప్పి నవ్వాడు. పెదవులు ఒక పక్క నవ్వాయి. రెండో పక్క అలాగే ఉండిపోయింది.

డైరెక్టరు ఆ వీడియోను మూడు నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. "ఒక పక్క అబద్ధం చెప్తోంది, ఒక పక్క చెప్పలేకపోతోంది. దీన్ని మాత్రం పాడుచేయకండి" అన్నాడు. అతను ఆజ్ఞాపించినట్టు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఆ కథ బయటికొచ్చాక హైదరాబాదు ఆఫీసులో వాళ్ళు కూడా ఆ షాటు గురించే మాట్లాడుకున్నారు. సగం నవ్వు అని దానికి పేరు పడింది. తర్వాతి కథల్లో కూడా తాతకు అదే అలవాటుగా ఉంచమన్నారు. నేను చెప్పిన పాఠం ఫలించిందనుకుని ఆ వారమంతా కొంచెం నిటారుగా నడిచాను.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. మా గదికి కిటికీ ఒకవైపే ఉంది. వెలుతురు కోసం ఆయన్ను ఎప్పుడూ ఒకే చోట, ఒకే దిక్కుకు కూర్చోబెట్టేవాళ్ళం. కథలో తాత కొన్నిసార్లు కుడికి చూస్తాడు, కొన్నిసార్లు ఎడమకు. కెమెరానూ కుర్చీనీ జరిపే బదులు, అవసరమైన చోట వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పేసేవాళ్ళం. ఒక్క బటను పని. ఈ వృత్తిలో దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. నటన మారదు కదా అని.

అందువల్ల మేము రోజూ ముందు పెట్టుకునే వీడియోల్లో ఆయన ఒక షాటులో కుడి పక్క నవ్వేవాడు, ఒక షాటులో ఎడమ పక్క నవ్వేవాడు. ఎంత చక్కగా మార్చి మార్చి చేస్తున్నాడో అనుకున్నాం. నేను ఈ మాట పైకి కూడా అన్నాను, పిల్లలకు ఉదాహరణగా.

మనిషి ఎదురుగా ఉన్నాడు కదా, ఆయన్ను చూడలేదా అని మీరు అడగవచ్చు. ఆయన మా ఎదుట ఉన్నంతసేపూ మా కళ్ళు తెర మీద ఉండేవి. ఆయన కండువాను భుజం మీద నుంచి చెవి దాకా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చలికాలం కదా అనుకున్నాం. మాటల మధ్య నవ్వు వస్తే కండువాతో నోరు మూసుకునేవాడు. పెద్దవాళ్ళ మర్యాద అనుకున్నాం. అన్నం ఒక పక్కనే నములుతున్నావేంది అని వంటకు వచ్చే ఆమె అడిగితే, ఆ పక్క దవడ పళ్ళు ఊడిపోయినాయని చెప్పాడు. నిజంగానే ఊడిపోయాయి కూడా.

ఇక మొదట చెప్పిన ఆ టీ రోజు సంగతి. సీరియల్లో చివరి కథ. తాత మేకల్ని లెక్కపెట్టే తీరును మనవరాలు అనుకరించి చూపుతుంది. ఆయన నవ్వాలి. ఈసారి సగం నవ్వు వద్దన్నాడు డైరెక్టరు. "ఇన్ని కథల్లో తాత ఏదో ఒకటి దాచుకుంటూనే ఉన్నాడు. ఈ ఒక్కసారి ఆయనకు దాచుకోవడానికి ఏమీ లేదు. అది కనపడాలి" అన్నాడు. మంచి ఆలోచన. శనివారం లోపల షాటు పంపాలి.

టీ అయ్యాక మొదలుపెట్టాం. ఆయన నవ్వాడు. సగమే వచ్చింది. అలవాటైపోయిందనుకుని, నోరంతా నవ్వాలన్నా అని చెప్పాను. నవ్వుతున్నా గదా అన్నాడు. మళ్ళీ చేశాడు. తొడ చరిచాడు, తల వెనక్కి వేశాడు, భుజాలు కుదిపాడు. ఎప్పుడో మానిపించిన నాటకమంతా తిరిగొచ్చింది, ముఖంలోకి మాత్రం ఏమీ రాలేదు. పిల్లలు ఏవేవో జోకులు చెప్పారు. ఒక కుర్రవాడు నన్ను అనుకరించి చూపాడు. అది బాగానే చేశాడు.

"మీ సారు మొహం చూస్తా నవ్వమంటే ఎట్ల వస్తది?" అన్నాడు ఆయన. అందరం నవ్వాం. ఆయన కండువా అడ్డం పెట్టుకున్నాడు. కొంచెంసేపు కింద కూర్చుని వస్తానని బీడీకట్ట తీసుకుని దిగిపోయాడు.

పాత వీడియోల్లో ఎక్కడైనా నిండుగా నవ్విన ముక్క ఉందేమో వెతకమని ఆ అమ్మాయికి చెప్పాను. షాట్లకు వాడిన తిప్పిన వీడియోలు కాకుండా, కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు ఉన్న అసలు వీడియోలు తెరిచింది. ఒక్కొక్కటీ వెనక్కీ ముందుకూ జరిపి చూసింది. తర్వాత పిలిచింది.

"సార్, మొహం వదిలేయండి. జేబు చూడండి."

ఆయన చొక్కాకు అందరి చొక్కాల్లాగే ఎడమవైపు జేబు. అందులో కళ్ళజోడు పెట్టె. తెర మీద ఆమె షాటుకు వాడినదొకటీ అసలుదొకటీ పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో ఆయన కుడివైపు నవ్వడం లేదు, ఇంకోదానిలో ఎడమవైపు నవ్వడం లేదు. కానీ రెంటిలోనూ నవ్వని వైపు జేబున్న వైపే. మొదటిది మేము తిప్పినది. ఆమె దాన్ని తిరిగి తిప్పింది. రెండూ ఒకటే అయ్యాయి. తర్వాత మిగతావి ఒక్కొక్కటే తెరిచింది. నవ్వని పక్క ఎప్పుడూ మారలేదు.

"కన్ను కూడా సార్" అంది.

ఫ్రేము ఫ్రేమూ జరిపింది. జేబు వైపు రెప్ప పూర్తిగా మూతపడటం లేదు. కింద సన్నగా తెల్లగుడ్డు కనపడుతూనే ఉంది. అంతకు ముందు నెల వీడియోలో ఆ తెలుపు ఇంకా సన్నం. దానికీ ముందు దారమంత. వానాకాలంలో తీసిన వాటిలో లేదు. ఆమె వాటిని తేదీల వరుసన పెట్టి ఒకసారి నడిపించింది. మేము రోజూ చేసే పని అదే, ఒక ముఖం ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి ఎలా మారిందో వరుసగా చూడటం. మా ఇంటామెతో ఆస్పత్రుల చుట్టూ రెండేళ్ళు తిరిగినవాణ్ణి. నటన మెరుగైతే ఇలా ఉండదని నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఆ అమ్మాయి, "మనం దీన్నేనా సార్ బాగుందన్నది?" అని అడిగింది. నేను కిందకు దిగాను.

ఆయన గోడౌను గుమ్మం పక్కన, కట్టలు కట్టి పేర్చిన పలకల మీద కూర్చుని ఉన్నాడు. బీడీ వెలిగించలేదు. పక్కన కూర్చున్నాను. కండువా తీయమన్నాను. తీశాడు. చెవి కింద, దవడ మలుపులో ఉసిరికాయంత గడ్డ ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"గడ్డ యాడాది నుంచి ఉంది. నొప్పి లేదు, ఏం లేదు. మొహం ఈ మధ్యనే. గడ్డం గీసుకునేటప్పుడు తెలిసింది. ఆ పక్క బుగ్గ గాలి పట్టలా."

"చెప్పలేదేంది అన్నా?"

ఆయన పలక ఒకటి కట్టలోంచి బయటికి జరిగి ఉంటే లోపలికి నెట్టాడు.

"నలభై ఏండ్లు ఆడినా తమ్ముడా. బాగుందన్నారు, లేదన్లా. కానీ ఒక్క నవ్వును పట్టుకొని అంతమంది అన్ని దినాలు మాట్లాడింది అదే మొదులు. అది నేను చేసింది కాదని నాకు తెల్సు. మీరేమో నేను చేసినాననుకొంటిరి. ఇంగ యాడ చెప్పమంటావు?"

ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. తన మిరపతోట గురించి చెప్పినట్టే చెప్పాడు. చెప్పి ఉంటే మీ పని ఆగిపోయేది, నా వేషమూ పోయేది అని కూడా అన్నాడు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం లేవమన్నాను. శనివారం దాకా ఆగమన్నాడు.

"ఈ నవ్వొకటి ఇచ్చేసి వస్తా. మధ్యలో వదిలిపెట్టిన నాటకం ఒక్కటీ లేదు నాకు."

"ఆ నవ్వు ఇప్పుడు నీ దగ్గర లేదన్నా" అన్నాను.

అంతకంటే మెత్తగా చెప్పే మాట ఉండే ఉంటుంది. నాకు తోచలేదు. ఆయన కండువా భుజాన వేసుకుని, ఇంట్లో ఆమెకు తాను చెప్పేదాకా మేమెవరమూ ఫోన్ చేయకూడదని మాట తీసుకుని లేచాడు.

మార్కాపురంలో డాక్టరు చేత్తో గడ్డను తడిమి చూసి, కళ్ళు మూయించి, ఈల వేయమని, బుగ్గలు ఊదమని చెప్పి, గుంటూరుకు రాసిచ్చాడు. ఆలస్యం చేయొద్దన్నాడు. ఆ సాయంత్రమే బస్సెక్కించాం. ఆయన భార్య వచ్చేదాకా తోడుంటానని కనిగిరిలో తన నాయనకు ఫోన్ చేసి చెప్పి, ఆ అమ్మాయి ఆయనతో వెళ్ళింది. నేను డైరెక్టరుకు ఫోన్ చేశాను. "అయితే ఆ షాట్లన్నీ..." అని ఆగిపోయాడు. అవునన్నాను. శనివారం సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు.

ఆపరేషను చేసి గడ్డ తీశారు. ముఖాన్ని కదిలించే నరం దానిలోనే ఇరుక్కుని ఉందట, దాన్నీ తీయాల్సి వచ్చింది. ఆ పక్క ఇక ఎప్పటికీ కదలదన్నారు. ఆలస్యమైందని డాక్టరు అనలేదు. కాలేదని కూడా అనలేదు. సగం నవ్వు చూసిన రోజునే మాలో ఒకరికి అనుమానం వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ లెక్క చాలాసార్లు వేసి చూశాను, ఎటూ తేలదు.

చివరి షాటు మిగిలిపోయింది. ఎవరినైనా వేరే ముసలాయన్ను పెట్టి చేద్దామని ఒక మాట వచ్చింది. గుంటూరు నుంచి తిరిగొచ్చిన ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. మొదటిరోజు వీడియో తెచ్చి పెట్టింది. గులాబీ రంగు ముఖం, కాటుక కళ్ళు, మేకలోడి మొహం కోసరమా అని నవ్వు. రంగు కింద రెండు బుగ్గలూ ఒకేసారి లేచాయి. రెండు రెప్పలూ ఒకేసారి మూసుకున్నాయి. అది నటన కాదు. ఆయనకు అప్పటికి కెమెరా నడుస్తోందని తెలియదు.

ఒక చిక్కు వచ్చింది. కథలో ఆ షాటులో తాత చూడవలసిన దిక్కు వేరు. వీడియో తిప్పితే సరిపోతుంది. బటను మీద చెయ్యి పెట్టి ఆమె నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. పాపను అవతలి పక్కకు మార్చి, వెనక గుడిసె, చెట్లు, మేకలు అన్నీ మళ్ళీ వేసుకున్నాం. అందుకు ఎక్కువ రోజులే పట్టింది. డైరెక్టరు కారణం అడిగితే చెప్పాను. సరేనన్నాడు.

ఆ కథ పూర్తయ్యాక నేనూ ఆ అమ్మాయీ ఆయన పల్లెకు వెళ్ళాం. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఒక పక్క జారి ఉంది. కంటికి గంతలా గుడ్డ కట్టుకున్నాడు. ఫోన్లో పెట్టి చూపించాం. మేకలు, పాప, తాత నవ్వడం. ఆయన మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి చూశాక, "బాగా చేసినాడే. ఎవరాయన?" అని అడిగాడు.

నువ్వే పెదనాయనా అంది ఆ అమ్మాయి.

వెనక నిలబడి చూస్తున్న ఆయన భార్య, "పౌడరు కొట్టుకొని బస్సెక్కిన దినానిది గదా అది. ఆ పొద్దు ఇంటికొచ్చినాక కూడా ఇట్లనే నవ్వినాడు. మొహం కడుక్కోమంటే కడుక్కోలా" అంది.

ఆయన ఫోను తన చేతిలోకి తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూశాడు. "ఆ కడాకు కూర్చున్నోనికి గూడా అందుంటది" అన్నాడు.

అటు తర్వాత రెండేళ్ళకు పైగా ఉన్నాడు. చేలోకి వెళ్ళేవాడు. గడ్డ మళ్ళీ వచ్చింది. ఆయన పోయిన సంగతి ఆ అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి తను హైదరాబాదులో పెద్ద బాధ్యతలో ఉంది. ఫోటో కట్టించడానికి మంచిదొకటి పంపమని ఆయన ఇంట్లోవాళ్ళు అడిగారట. ఏ ఫ్రేము పంపాలో తేల్చుకోలేక ఒక పూటంతా కూర్చున్నానని చెప్పింది. నవ్వు మొదలయ్యే ఫ్రేములో కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ నోరు ఇంకా విచ్చుకోలేదు, నోరు విచ్చుకునేసరికి కళ్ళు మూతపడ్డాయి. చివరికి కళ్ళు మూసుకున్నదే పంపింది.

పెద్దకర్మ రోజు వెళ్ళాను. ఇంట్లో గోడకు ఆ ఫోటో ఉంది. గులాబీ రంగు ముఖం, దండ. వచ్చినవాళ్ళు నాటకంలో దిగిన ఫోటో అనుకుంటున్నారు. ఎవరూ కాదని చెప్పడం లేదు. నేను ముందు జేబు చూశాను. కళ్ళజోడు పెట్టెతో సహా ఉండవలసిన వైపే ఉంది.

మా యూనిట్ ఇంకా ఆ మేడ మీదే నడుస్తోంది. నేను వదిలి వచ్చాక వేరే పిల్లలు చేరారు, వాళ్ళలో ఎక్కువమందికి ఆయన తెలియదు. కుర్చీ కిటికీ పక్కనే ఉంది, కెమెరా మారింది. అక్కడ ఇప్పుడు ఎవరి వీడియోనూ తిప్పరు.